మెట్ల దగ్గర మూడు బల్బులు మార్చాను, అయినా మినుకు మినుకే. అసలు పిన్ను బల్బు దేంతో పట్టుకుంటుంది?

సింగ్‌నగర్ మేడ | శనివారం రాత్రి 9.14

అందరికీ నమస్కారం. చిన్న విషయమే, కానీ రెండు వారాలుగా బుర్ర తినేస్తోంది. మాది విజయవాడ అజిత్‌సింగ్‌నగర్. కింద పోర్షన్ నుంచి మేడ మీదికి వెళ్లే మెట్ల మలుపులో గోడకి ఒక హోల్డరు ఉంది. అందులో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు. ఎవరైనా మెట్లు దబదబా ఎక్కితే మినుకుమంటుంది. కింద తలుపు గట్టిగా వేస్తే ఆరిపోతుంది. బల్బు పట్టుకుని కాస్త అటూ ఇటూ కదిపితే మళ్లీ వెలుగుతుంది. బల్బు పోయిందేమోనని మార్చాను. అదే తంతు. ఇంకోటి మార్చాను. మూడోదీ అంతే. ఆ తీసేసినవి హాల్లో పెడితే మాత్రం శుభ్రంగా వెలుగుతున్నాయి.

ఇంటికొచ్చిన కరెంటతను చూసి, "ఈ పిన్ను హోల్డర్లే దండగ సార్, మర హోల్డరు పెట్టించుకోండి, బిగిస్తే ఇక కదలదు" అన్నాడు. అప్పటి నుంచి నాకు ఇంకో అనుమానం పట్టుకుంది. నిజమే కదా, పిన్ను బల్బుని మనం బిగించం. నొక్కుతాం, కొంచెం తిప్పుతాం, వదిలేస్తాం. మరి అది ఊడి కింద పడకుండా దేంతో ఆగుతోంది?

ఆటోనగర్ లైటింగ్ | రాత్రి 9.20

హోల్డరులో స్ప్రింగు పోయింది. బల్బులేం పాపం చేశాయి సార్.

వైరింగ్ బాబాయ్ | రాత్రి 9.52

గవర్నర్‌పేటలో ముప్పయ్యేళ్లు వైరింగ్ పని చేశాను, ఇప్పుడు మోకాళ్లు రావట్లేదు కాబట్టి ఇక్కడ కూర్చుని చెబుతున్నా.

ముందు మెయిన్ ఆపండి. గోడ మీది స్విచ్చి ఒక్కటి ఆపి చెయ్యి పెట్టొద్దు, ఆ స్విచ్చి ఫేజుకే ఇచ్చారో న్యూట్రల్‌కి ఇచ్చారో ఎవడికి తెలుసు. తర్వాత బల్బు తీసి, హోల్డరులోకి టార్చి వేసి చూడండి. అడుగున రెండు ఇత్తడి బొడిపెలు కనబడతాయి. ఒకదానికి ఫేజు, ఇంకోదానికి న్యూట్రల్. ఒక్కోదాని వెనక ఒక్కో స్ప్రింగు ఉంటుంది. టెస్టరు కొసతో నొక్కితే బొడిపె లోపలికి వెళ్లాలి, వదలగానే టక్కున బయటికి రావాలి.

ఇప్పుడు హోల్డరు అంచు చూడండి. ఎదురెదురుగా రెండు వైపులా ఒక్కో గాడి ఉంటుంది. గాడి నేరుగా లోపలికి దిగుతుంది, అక్కడ పక్కకి తిరుగుతుంది, చివర్లో మళ్లీ కొంచెం బయటి వైపు మళ్లుతుంది. ఆ చివరి చిన్న మలుపు లేకపోతే మొత్తం వృథా. బల్బుని తోసినప్పుడు దాని పక్క పిన్నులు గాడిలో దిగుతాయి, లోపల స్ప్రింగులు నలుగుతాయి. తిప్పితే పిన్నులు పక్కకి జరుగుతాయి. మీరు చెయ్యి వదలగానే స్ప్రింగులు బల్బుని బయటికి తోస్తాయి, పిన్నులు వెళ్లి ఆ మలుపులో కూర్చుంటాయి. ఇక బల్బు తిరగాలంటే ముందు ఎవరో లోపలికి నొక్కాలి. మెట్ల అదురుకి బల్బు అటూ ఇటూ కదలొచ్చు గానీ, నొక్కి తిప్పడం దానికి చేతకాదు.

కాబట్టి బల్బుని పట్టుకునేదీ ఆ స్ప్రింగులే, కరెంటు అందించేదీ వాటి కొసన ఉన్న బొడిపెలే. స్ప్రింగు నీరసపడితే రెండు పనులూ ఒకేసారి చెడతాయి. మీ బల్బు వదులుగా ఊగుతోందంటే అదే.

పాత రోజుల్లో 100 వాట్ల బల్బు వేడికి స్ప్రింగులు మెత్తబడేవి. మీది సింగ్‌నగర్ అంటున్నారు, ఒక్క మాట చెప్పండి. 2024 సెప్టెంబరు వరదలో ఆ హోల్డరు మునిగిందా?

సింగ్‌నగర్ మేడ | రాత్రి 10.05

మునిగింది బాబాయ్! బుడమేరు నీళ్లు ఆ మలుపు దాకా వచ్చాయి. స్విచ్చి బోర్డులన్నీ మార్పించాం. హోల్డరు తడారిపోయి బల్బు మళ్లీ వెలిగేసరికి దాని గురించి మర్చేపోయాం.

వైరింగ్ బాబాయ్ | రాత్రి 10.07

ఇంకేం. ఆ బురద నీళ్లలో నానిన స్ప్రింగు ఇన్నాళ్లు పనిచేయడమే గొప్ప. రేపు వెలుతురులో విప్పి చూడండి.

బ్రాడీపేట పద్మ | రాత్రి 10.31

బాబాయ్ గారూ, మీరు చెప్పింది చదువుతుంటే నాకు మా కుక్కర్ గుర్తొచ్చింది. ప్రెస్టీజ్ బయటి మూత కుక్కరు. మూత పెట్టి, రెండు పిడులూ ఒకదాని మీద ఒకటి వచ్చేలా తిప్పుతాం కదా. అది కూడా ఇదేనా?

లెక్కల మాస్టారు | రాత్రి 10.58

పద్మ గారూ, చాలా దగ్గరగా వచ్చారు. ఆ మూత అంచు కింద లోపలికి వంగిన పళ్లు ఉంటాయి, గిన్నె అంచుకి కూడా బయటికి పొడుచుకొచ్చిన పళ్లు ఉంటాయి. సందుల్లోంచి దించి తిప్పితే మూత పళ్లు గిన్నె పళ్ల కిందికి చేరతాయి. పిన్ను, గాడి బదులు పన్ను, పన్ను. స్ప్రింగు పని కొంత గాస్కెట్ చేస్తుంది, మిగతాది లోపలి ఆవిరి చేస్తుంది. ఆవిరి మూతని పైకి తోసినకొద్దీ పళ్లు ఒకదానికొకటి ఒత్తుకుంటాయి, అందుకే ప్రెషరు ఉండగా మూత తిరగనని మొరాయిస్తుంది. హాకిన్స్ లాంటి లోపలి మూత కుక్కరు ఈ కుటుంబం కాదు. అందులో మూత లోపలి నుంచి అంచుకి ఆనుకుంటుంది, తిప్పి పళ్లు కలపడం ఉండదు.

నేను క్లాసులో పిల్లలకి చెప్పే పోలిక ఇంకోటి ఉంది. మన తలుపు గడియ. పిడిని పైకి లేపి, పక్కకి జరిపి, మళ్లీ కిందికి వాలుస్తాం. వాలిన పిడి గాట్లో పడుతుంది కాబట్టి తలుపు ఎంత ఊపినా గడియ వెనక్కి జరగదు. అక్కడ పిడిని గాట్లో ఉంచేది దాని బరువు. బల్బు హోల్డరులో ఆ పని స్ప్రింగుది.

మంగళగిరి మామ | రాత్రి 11.10

గ్యాస్ సిలిండరు రెగ్యులేటరు కూడా అంతేగా?

లెక్కల మాస్టారు | రాత్రి 11.16

కాదండీ. దాని కింది రింగు పైకి లాగి, వాల్వు మీద కూర్చోబెట్టి, రింగు వదిలితే పట్టుకుంటుంది. పైన మనం తిప్పేది గ్యాసు తెరిచే మీట. తగిలించడానికి తిప్పడం ఎక్కడా లేదు. ట్యూబ్‌లైటు స్టార్టరు అడిగి ఉంటే అవుననేవాణ్ణి. దాని రెండు పిన్నులకీ పుట్టగొడుగు తలలుంటాయి, రంధ్రంలో పెట్టి పావు వంతు తిప్పితే సన్నటి సందులోకి జారి ఇరుక్కుంటాయి.

ఆటోనగర్ లైటింగ్ | ఆదివారం ఉదయం 7.40

కుక్కరు అన్నారు కాబట్టి గుర్తొచ్చింది, లారీ రేడియేటరు మూత కూడా ఇదే జాతి. మొదటి మెట్టు దాకా తిప్పితే ఆవిరి మాత్రం పోతుంది, మళ్లీ నొక్కి తిప్పితేనే ఊడి వస్తుంది. బండి వేడిగా ఉండగా దాని జోలికి పోకండి, మా షెడ్డులో ఒక కుర్రాడి మోచేయి దాకా బొబ్బలు.

ఇక మా బండ్ల బల్బుల సంగతి చెబుతా. ఇంట్లో బల్బుకి అడుగున రెండు బొడిపెలు, ఏది ఎటు తగిలినా తేడా లేదు. ఏసీ కరెంటు, బల్బుకి తలా తోకా అక్కర్లేదు. బండిలో ఇండికేటరు బల్బుకి అడుగున ఒక్కటే బొడిపె, 12 వోల్టులు అక్కడికి. నెగటివ్ మొత్తం బల్బు మొదట్లో పిన్నులుండే ఇత్తడి టోపీ గుండా బాడీకి పోతుంది. అందుకే బండి హోల్డరు తుప్పు పడితే బల్బు మసగ్గా వెలుగుతుంది. ఆ టోపీ 15 మిల్లీమీటర్లు, ఇంట్లోది 22. డబ్బా మీద బీ22 అని ఉండేది ఆ కొలతే.

అసలు తెలివంతా బ్రేకు బల్బులో ఉంది. అందులో రెండు ఫిలమెంట్లు. 21 వాట్లది బ్రేకుకి, 5 వాట్లది వెనక లైటుకి. తిరగేసి పెడితే రాత్రంతా బ్రేకు నొక్కినట్టు వెలుగుతుంది, నిజంగా నొక్కితే ఏమీ తెలియదు. అలా జరగకుండా రెండు పిన్నులూ వేర్వేరు ఎత్తులో పెట్టారు. ఒక్క విధంగానే దిగుతుంది. అలాగే నారింజ రంగు ఇండికేటరు బల్బుకి పిన్నులు సరిగ్గా ఎదురెదురుగా ఉండవు, 150 డిగ్రీల్లో ఉంటాయి. తెల్ల బల్బు తెచ్చి అక్కడ పెడదామన్నా ఎక్కదు.

ఎక్కదనుకున్నది కంపెనీ. మనవాళ్లు ఊరుకుంటారా? పోయిన నెల ఒక బండి వచ్చింది, వెనక వచ్చేవాళ్లంతా హారన్ కొడుతున్నారని. విప్పి చూస్తే బ్రేకు బల్బు ఒక పిన్నుని ఆకురాయితో నున్నగా అరగదీసి తిరగేసి కుక్కాడు ఎవడో. ఆ పిన్నుల్ని అక్కడ పెట్టినవాడి తెలివి ఒక పక్క, దాన్ని ఓడించిన వీడి తెలివి ఒక పక్క!

సీసీ కెమెరా తమ్ముడు | ఉదయం 8.25

అన్నా సూపర్. బీసెంట్ రోడ్డులో షాపులకి కెమెరాలు పెడుతుంటాను. కెమెరా వీడియో రికార్డు చేసే డీవీఆర్ పెట్టె వెనక, వైర్లు తగిలించడానికి వరసగా ఉండే బీఎన్‌సీ కనెక్టర్లు కూడా ఇదే టైపు. తోసి పావు వంతు తిప్పితే టక్ మంటుంది. ఎలకలు పరిగెత్తినా, వైరు లాగినా ఊడదు. బీఎన్‌సీ అంటే బ్రిటిష్ నేవల్ కనెక్టర్ అంట, యుద్ధనౌకల కోసం చేశారంట.

లెక్కల మాస్టారు | ఉదయం 8.41

తమ్ముడూ, ఆ నేవీ కథ అందరూ చెబుతారు గానీ తప్పు. బీ అంటే బయోనెట్. ఎన్, సీ రెండూ మనుషుల పేర్లు. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన పాల్ నీల్, ఆంఫినాల్ కంపెనీలో పనిచేసిన కార్ల్ కాన్సెల్‌మన్. పేటెంటు మాత్రం ఆక్టావియో సలాటి అనే ఇంజినీరుది. 1945లో దరఖాస్తు చేస్తే 1951లో వచ్చింది.

బయోనెట్ అన్న మాటే తుపాకీ కొసకి తగిలించే కత్తి నుంచి వచ్చింది. మొదట్లో ఆ కత్తి పిడిని తుపాకీ గొట్టంలోనే దూర్చేవారు. కత్తి పెడితే కాల్చడం కుదరదు, కాల్చాలంటే కత్తి తీయాలి. పదిహేడో శతాబ్దం చివరికొచ్చేసరికి గొట్టం చుట్టూ తొడుక్కునే కత్తి వచ్చింది. తొడుగులో మెలిక తిరిగిన గాడి, గొట్టం మీద ఒక చిన్న మేకు. తొడిగి తిప్పితే పట్టు. మీ మెట్ల దగ్గర బల్బు తొడుక్కునేది అదే గాడి.

సీసీ కెమెరా తమ్ముడు | ఉదయం 8.50

పోయింది నా పరువు. ఎన్ని షాపుల్లో చెప్పానో ఆ నేవీ కథ.

స్టూడియో గుంటూరు | ఉదయం 9.30

మా కెమెరా లెన్సులు మర్చిపోయారు. నికాన్ కెమెరాకి లెన్సు తగిలించే ఎఫ్ మౌంటు 1959 నుంచి ఇదే పద్ధతి. పెళ్లిలో తాళి కట్టే టైముకి లెన్సు మార్చాలంటే మర తిప్పుతూ కూర్చోలేం. కాకపోతే లెన్సుకి నొక్కి తిప్పడం ఉండదు. తిప్పగానే ఒక చిన్న పిన్ను దానంతటదే గుంటలో పడుతుంది, తీయాలంటే బటన్ నొక్కి ఆ పిన్నుని వెనక్కి లాగాలి. తాళం వేరు, పట్టు వేరు.

పటమట రేడియో | ఉదయం 10.12

అందరూ పిన్ను పద్ధతిని ఆకాశానికెత్తేస్తున్నారు, ఒక్క ముక్క నేనూ వేస్తాను. వైర్‌లెస్ సెట్ల పని చేసినవాణ్ణి. బీఎన్‌సీకి ఒక తోబుట్టువు ఉంది, టీఎన్‌సీ. అన్నీ అవే, గాడి బదులు మర. అదురు ఎక్కువగా ఉండే చోట బీఎన్‌సీ సరిపోదని, ఫ్రీక్వెన్సీ పైకి పోయేకొద్దీ గోల చేస్తుందని ఇది తెచ్చారు. బీఎన్‌సీని 4 గిగాహెర్ట్జ్ దాకా వాడతారు, టీఎన్‌సీని 11 దాకా. మరి అదురుకి పిన్నే మేలంటారేంటి బాబాయ్?

వైరింగ్ బాబాయ్ | ఉదయం 10.40

ఇది మంచి చురక. నా దగ్గర జవాబు సగమే ఉంది. మర బల్బు అదురుకి మెల్లమెల్లగా తిరిగి వదులైపోతుంది, పిన్ను బల్బు అలా కాదు. అంతవరకూ నేను చూసిందే.

లెక్కల మాస్టారు | ఉదయం 11.05

మిగతా సగం నేను చెబుతా. ఊడిపోవడం వేరు, ఊగడం వేరు. గాడిలో పిన్ను తిరగాలంటే కాస్త ఖాళీ ఉండి తీరాలి. ఖాళీ ఉన్నచోట సూక్ష్మమైన ఊగుడు ఉంటుంది. బల్బుకి ఆ ఊగుడు లెక్క కాదు, స్ప్రింగు బొడిపె వెంటే వస్తుంది. రేడియోలో బయటి గొట్టం కూడా సిగ్నల్ దారే కాబట్టి, అక్కడ వెంట్రుకవాసి కదలిక కూడా గోలగా వినబడుతుంది. మర రెండింటినీ ఒకటిగా కరిచి పట్టుకుంటుంది, ఊగనివ్వదు. కానీ ఎవరూ చూడకపోతే, ఏళ్లు గడిచేకొద్దీ వదులు కావచ్చు. పిన్ను ఊగుతుంది, ఊడదు.

పటమట రేడియో | ఉదయం 11.09

ఒప్పుకున్నా.

సౌండ్ బాక్స్ గుంటూరు | మధ్యాహ్నం 1.15

భోజనం చేసి వచ్చా. మా స్పీకర్లకి పెట్టే స్పీకాన్ కూడా తోసి తిప్పేదే. ఇదివరకు హెడ్‌ఫోన్ పిన్ను లాంటి పొడుగు జాకులు ఉండేవి. ఊరేగింపులో ఎవడో ఒకడు వైరు తన్నుకుంటూ పోయేవాడు, బాక్సు మూగబోయేది, కుర్రాళ్లు మా మీదికొచ్చేవాళ్లు. పైగా జాకు సగం ఊడితే రెండు వైర్లూ కలిసి యాంప్లిఫయరు పోయేది. స్పీకాన్‌లో కాంటాక్టులు లోపలే దాక్కుని ఉంటాయి, తిరిగి తాళం పడితే వైరు లాగినా రాదు.

ఒక జాగ్రత్త. చూడ్డానికి ఇలాగే ఉండే నీలం రంగు పవర్‌కాన్ ఉంటుంది, అది కరెంటుకి. దాన్ని లోడు మీద, అంటే కరెంటు పారుతుండగా తిప్పి తీయకూడదు, కంపెనీయే చెబుతుంది. ముందు స్విచ్చి ఆపి తీయాలి. లోడు మీద తీయడానికి ట్రూవన్ అని వేరే రకం చేశారు. తిప్పడం సులువు కదా అని మావాడు ఒకడు తెలియక తీశాడు, నిప్పురవ్వ చూసి వారం రోజులు దాన్ని ముట్టుకోలేదు.

మంగళగిరి మామ | మధ్యాహ్నం 1.40

ఇంతకీ మొదటి ప్రశ్న. మర హోల్డరు పెట్టుకోవాలా వద్దా? అమెరికాలో అంతా మర బల్బులే అని మా అబ్బాయి అంటాడు.

వైరింగ్ బాబాయ్ | మధ్యాహ్నం 2.20

అమెరికాలో ఎడిసన్ మర నిలబడింది, 26 మిల్లీమీటర్లది. ఇంగ్లండులో బల్బులు చేసిన జోసెఫ్ స్వాన్ వైపు నుంచి పిన్ను పద్ధతి స్థిరపడింది. 1883లో ఇద్దరి వ్యాపారం ఇంగ్లండులో కలిసిపోయినా పిన్ను మాత్రం పోలేదు. మనకి వచ్చింది ఇంగ్లీషువాళ్ల వెంటే. ఇప్పుడు ఫాల్స్ సీలింగులకీ, షాండ్లియర్లకీ మర వస్తోంది, మెట్లకీ వంటింటికీ పిన్నే.

మరలో నాకు నచ్చని విషయం ఒకటే. అందులో ఫేజు అడుగున నడిమి బొడిపెకి, న్యూట్రల్ మర గొట్టానికి ఇవ్వాలి. వైర్లు తిరగబడితే ఆ గొట్టం మొత్తానికి కరెంటు వస్తుంది. బల్బు మారుస్తుంటే సగం బయటికొచ్చిన మర మీద వేలు పడిందా, 230 వోల్టులు. పిన్ను బల్బు టోపీకి రెండింటిలో ఏదీ ఇవ్వం. అలాగని పిన్ను హోల్డరు పుణ్యమూర్తి ఏం కాదు. బల్బు లేకుండా ఖాళీగా వదిలేస్తే బొడిపె మీద ఫేజు అలాగే ఉంటుంది. పిల్లలున్న ఇంట్లో పోయిన బల్బునైనా అందులో ఉంచండి.

బ్రాడీపేట పద్మ | మధ్యాహ్నం 2.45

మాకు గుంటూరులో అప్పట్లో పాత బల్బు ఇస్తే పది రూపాయలకి ఎల్‌ఈడీ బల్బు ఇచ్చారు. హోల్డర్లు మార్చే పని లేకుండా అదే రోజు పెట్టేసుకున్నాం. ఇంకో సందేహం, చౌక ఎల్‌ఈడీ తిప్పి తీస్తుంటే ప్లాస్టిక్ బల్బు చేతికొచ్చి టోపీ హోల్డరులోనే ఉండిపోయింది. ఏం చేయాలి?

వైరింగ్ బాబాయ్ | మధ్యాహ్నం 2.58

మెయిన్ ఆపి, నోస్ ప్లయరుతో టోపీ అంచు పట్టుకుని లోపలికి నొక్కుతూ తిప్పమ్మా. ఊరికే లాగితే రాదు, పిన్నులు మలుపులో కూర్చుని ఉంటాయి. చాలామంది లాగీ లాగీ హోల్డరు పగలగొడతారు.

రైల్వే తాత | సాయంత్రం 4.30

సందర్భం కాకపోయినా ఒకటి. రైలు బోగీల్లో లైట్లకి 110 వోల్టుల డీసీ. మా క్వార్టర్సులో ఒకాయన ఎక్కడ సంపాదించాడో బోగీ బల్బు ఇంట్లో పెట్టి స్విచ్చి వేశాడు. పిన్నులు సరిపోయాయి కదా అని ఆయన వాదన. ఢాం అంది. పిన్ను పట్టినంత మాత్రాన వోల్టేజీ పట్టదు నాయనా అని వాళ్లావిడ ఇప్పటికీ దెప్పుతుంది.

సింగ్‌నగర్ మేడ | సాయంత్రం 6.10

విప్పాను. మెయిన్ ఆపి, టెస్టరుతో చూసుకుని, టార్చి వేశాను. ఒక బొడిపె నొక్కితే టక్కున వచ్చింది. రెండోది నొక్కాను, లోపలికి వెళ్లింది, అంతే, అక్కడే ఉండిపోయింది. మూత తీస్తే స్ప్రింగు చుట్టూ ఎర్రటి పొడి, ఒక పక్క ఎండిన బురద గీత. వేలితో ముట్టుకుంటే స్ప్రింగు రెండు ముక్కలైంది. ఇత్తడి బొడిపె కొస నల్లగా మాడి చిన్న గుంట పడి ఉంది, నిప్పురవ్వలు లేచినట్టున్నాయి. కొత్త హోల్డరు నలభై ఐదు రూపాయలు. అదే పిన్నుది. బిగించి, బల్బు నొక్కి తిప్పి వదిలాను. ఈసారి చెయ్యి వదిలేటప్పుడు అది వెనక్కి తన్నడం బాగా తెలిసింది. ఇన్నేళ్లుగా బల్బులు మారుస్తున్నా, ఎప్పుడూ గమనించలేదు. తలుపు నాలుగుసార్లు ధడేల్ మని వేశాను, మా ఆవిడ వచ్చి తిట్టింది గానీ బల్బు ఆరలేదు.

ఆటోనగర్ లైటింగ్ | సాయంత్రం 6.22

మరి ఆ మిగిలిన బల్బులు?

సింగ్‌నగర్ మేడ | సాయంత్రం 6.31

ఒకటి హాల్లో పెట్టాం. ఇంకోటి మా వీధి చివరింటి వాళ్లకి ఇచ్చాను. ఇప్పుడే ఫోన్ చేశారు, వాళ్ల వసారాలో మినుకుమంటోందట, బల్బు మంచిది కాదేమో అంటున్నారు.

వైరింగ్ బాబాయ్ | సాయంత్రం 6.33

వాళ్ల వసారా కూడా వరదలో మునిగే ఉంటుంది. టెస్టరు తీసుకుని బయల్దేరండి.